అవి చేపల కోసం వచ్చిన పిట్టలు కావండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో మా కోనసీమ చెరువులో దిగిన బాతుల ఫొటో వేశారు, ఫొటో చాలా బాగుందండి, దాని కింద మాటే బాగోలేదు. చేపల వేటకొచ్చిన విదేశీ పక్షులు అన్నారు. అందులో ఉన్నవి పిన్‌టెయిల్ బాతులు, మగదానికి తోక సూదిలా పొడుగ్గా ఉంటుంది చూడండి, మేమైతే ఇట్లాంటివాటన్నిటినీ కలిపి పరజలనేస్తాం. అవి చేపల మీద బతికేవి కావు. చిన్న తప్పేలే అని ఊరుకునేవాణ్ణే గానీ మా పక్క చేపల చెరువాయన ఆ ముక్కే ఫోన్లో పెట్టుకుని ఊరంతా చూపించాడు, సాయంత్రానికి బాతుల్ని తోలడానికి టపాకాయ బాంబులు కూడా తెప్పించాడు!

చేపలు తినేది నీటికాకులు, కొంగలు, గూడబాతులు. నీటికాకి ముక్కు చివర కొక్కెంలా ఉంటుంది, చేపని పట్టడానికి. ఈ బాతు ముక్కు పలకలా ఉంటుంది, లోపల అంచుకి దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి, బురదనీళ్లు నోట్లోకి లాక్కుని పక్కల నించి వదిలేస్తే గింజ, పురుగు లోపల ఆగిపోతాయి. గరిటె ముక్కు బాతుకి ఈ జల్లెడ ఇంకా సన్నం, ఓ పది కలిసి గుండ్రంగా తిరుగుతా నీళ్లు కెలికి మరీ వడకట్టుకుంటాయి, చూడ్డానికి భలే ఉంటుంది. ఇక్కడ చలికాలమంతా పిన్‌టెయిల్‌కి ముఖ్యంగా గింజలే, ఊద గింజలు, తుంగ గింజలు, సార్వా, అంటే వానాకాలం పంటకి కోత మిషన్ రాల్చిపోయిన వడ్లు. ఇసుక రేణువులు కూడా మింగుతాయి, కందనకాయలో గింజ నలగాలి కదా. గుడ్లు పెట్టే రోజుల్లో ఆడవాటికి పురుగూ నత్తా ఎక్కువ కావాలి గానీ ఆ పని సైబీరియా వైపు, మన దగ్గర కాదు.

ఇంకోటండి, పగలు చెరువు మధ్యలో కూర్చున్నాయంటే అక్కడ తింటున్నాయని కాదు. పగలు చాలా మటుకు నిద్రే, తల వీపు మీద పెట్టేసుకుని. చీకటి పడ్డాక లేస్తాయి. రాత్రిపూట తూము చూడ్డానికి వెళ్లినప్పుడు నెత్తి మీంచి రెక్కల చప్పుడు వినబడుతుంది, అవి చేలల్లోకీ ముంపు గుంటల్లోకీ పోతున్నట్టు. అంటే బాతుకి రెండు చోట్లు కావాలి, పడుకోడానికి ఒకటి, మేతకి ఇంకోటి. ఈ రెండోది మనకి కనబడదు కాబట్టి లెక్కలోకి రాదు.

మేతకి నీళ్లు లోతుండకూడదు. ఇవి మునిగేవి కావు, తల కిందకి పెట్టి తోక పైకెత్తి మెడ అందినంత మేర తింటాయి. పిన్‌టెయిల్‌కి మెడ పొడుగు కాబట్టి అడుగు లోతు దాకా అందుతుంది, చిన్న బాతులకి జానెడే. ఆరడుగుల చేపల చెరువు, నిటారు గట్టు, గడ్డి పరక లేదు, అందులో వాటికేం దొరుకుతుంది? మునిగి తినే బాతులు వేరే ఉన్నాయి గానీ వాటికైనా అడుగున నాచో నత్తో ఉండాలి కదా.

వీటివల్ల నష్టమే లేదని నేననను. దాళ్వాకి, అంటే రెండో పంటకి వెదజల్లిన విత్తనం మీద పరజల గుంపు పడితే తెల్లారేసరికి మడి బోసిపోద్ది, నాకూ ఓసారి అయింది, తిట్టుకున్నాను కూడా. అవి తిన్నది తిన్నాయని రాయండి, తిననిది మాత్రం వాటి మీదకి తోయొద్దండి.

పక్షులంటే పేపర్లన్నీ కొల్లేరు గురించే రాస్తాయి, 2002లో రామ్‌సర్ లిస్టులోకి, అంటే ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది, రాయాల్సిందే. కానీ మా ఊరి చెరువుకి ఏ లిస్టూ లేదు. ఈ వేసవిలో దానికి పూడిక తీస్తామంటున్నారు, తియ్యనివ్వండి, నీళ్లు మాకూ కావాలి. అడిగేదల్లా ఒకటే, నాలుగు వైపులా పొక్లెయిన్‌తో ఒకే లోతు తవ్వెయ్యకుండా తూర్పు పక్క తుంగ ఉన్న ఏటవాలు అలా వదిలెయ్యమని. నేనడిగితే నవ్వారు. మీ పేపర్లో వస్తే చదువుతారు, ఆ ఫొటో కింద మాట చదివినట్టే.

ఇట్లు,
ఒక వరి రైతు, అమలాపురం దగ్గర