కరిచాక కథేంటి?

సంపాదకులకు నమస్కారం.

పెళ్లి మంటపంలో జాంబీలు (కరిచి ఎదుటివాళ్లనీ తమలా మార్చేసే నడిచే శవాలు), అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌లో జాంబీలు. ఇలా ఒక్క ముక్కలో చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. ఆ నవ్వు ట్రైలర్‌కి సరిపోతుంది, రెండుంపావు గంటల సినిమాకి చాలదు. జాంబీ కామెడీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాయింటే కథ అనుకుని, ఇంటర్వెల్ తర్వాత అవే పరుగులు, అవే అరుపులు నింపుతారు.

నవ్వు పుట్టేది జాంబీలకి కథలో మనం పెట్టుకున్న రూల్లోంచి. కరిచాక మనిషి ఎంతసేపటికి మారతాడు? జాంబీ చప్పుడుకి వస్తుందా, వాసనకి వస్తుందా? తలుపు గడియ తీయగలదా? వీటికి జవాబులు మొదటి అరగంటలోపే తెరమీద జరిగి చూపించాలి. ఎవరో సైంటిస్టు వచ్చి చెప్పకూడదు. జూనియర్ ఆర్టిస్టు రెండు సెకన్లలో మారిపోయి, కమెడియన్ మాత్రం పది నిమిషాలు డైలాగులు చెబితే ప్రేక్షకుడు వెంటనే పట్టేస్తాడు. అక్కడ భయం పోతుంది, దాంతోపాటే నవ్వూ పోతుంది.

చప్పుడుకి వస్తాయి అన్న ఒక్క రూలే తీసుకోండి. బంతి బల్లల కింద పెళ్లికూతురు దాక్కుంది. చేతుల నిండా గాజులు, కాళ్లకి పట్టీలు. కదిలితే చప్పుడు. తీసెయ్యమంటే నాయనమ్మ ఒప్పుకోదు, పెళ్లిపూట గాజులు తీయడం అశుభమంటుంది. ఆ వాదనంతా గుసగుసల్లో జరగాలి. జాంబీ ముఖం ఒక్కసారి కూడా చూపించకుండా ఐదు నిమిషాలు నడిచే సీను ఇది. ఇలా మన పద్ధతులు, మన మనుషులు కలిస్తేనే పట్టు. 2021లో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ సినిమాలో రాయలసీమ ఫ్యాక్షన్ పగ కలవడం వల్లే మన ప్రేక్షకుడికి ఆ కథలో పట్టు దొరికింది.

మేకప్ లెక్క కూడా స్క్రిప్టు దశలోనే వేయాలి. ముఖానికి 20 నిమిషాల చొప్పున, జాంబీలుగా వేసే 60 మందికి 20 గంటలు. ఐదుగురు మేకప్‌మెన్ ఉన్నా నాలుగు గంటలు పడుతుంది. పొద్దున ఆరింటికి మొదటి షాట్ అంటే రాత్రి రెండింటికే కూర్చోవాలి. అందుకే కెమెరా దగ్గరుండే ఎనిమిది మందికే టిష్యూ పేపరు, లిక్విడ్ లేటెక్స్ (ఆరితే చర్మంలా అతుక్కునే రబ్బరు ద్రవం) పొరలు వేసి, వెనకవాళ్లని బూడిదరంగుతో, చిరిగిన బట్టలతో, నడకతో నెట్టుకురావాలి. మే నెల ఎండకి చెమట పట్టి లేటెక్స్ అంచులు లేస్తాయి. ముందు లేచేది ముక్కు పక్కన, మూతి చుట్టూ, ఎందుకంటే ముఖం ఎక్కువ కదిలేది అక్కడే. కనుబొమ్మలకి, మీసాలకి ముందు వాజిలిన్ రాయకపోతే తీసేటప్పుడు వెంట్రుకలు ఊడొస్తాయి. లేటెక్స్ కొందరికి పడదు కాబట్టి ముందురోజే మోచేతి లోపలివైపు కొంచెం రాసి చూడటం తప్పనిసరి. జూనియర్ ఆర్టిస్టుల విషయంలో దీన్ని వదిలేయడం అన్యాయం.

ఇక రక్తం. చిక్కటి పంచదార పాకంలో ఎర్ర ఫుడ్ కలర్, ఒకటి రెండు చుక్కల నీలం, చిటికెడు కోకో పొడి. నీలం, కోకో వేయకపోతే లైట్ల కింద అది షర్బత్‌లా కనిపిస్తుంది.

మీ సినిమా పేజీలో ‘పాయింట్ కొత్తగా ఉంది’ అని రాసి ఆపేయకుండా, పెట్టుకున్న రూలు ఏ సీన్లో తప్పారో కూడా రాయమని మనవి.

— రచన, మేకప్ శాఖల్లో పనిచేసే కొందరు పాఠకులు, కృష్ణానగర్, హైదరాబాద్