మా పేట కుర్రాడి రిట్‌లో తోడు నిలిచిన వాళ్లకు

లాకప్‌లో దెబ్బలు తిన్న మా పేట కుర్రాడి రిట్‌లో (అధికారుల మీద నేరుగా హైకోర్టులో వేసే పిటిషన్) హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. స్టేషన్ సీసీటీవీ ఫుటేజీ చెరిపేయకుండా సీల్డు కవర్లో తమ ముందు పెట్టమంది. కేసు నడుస్తోంది కాబట్టి కుర్రాడి పేరు, స్టేషన్ పేరు రాయడం లేదు. సాయం చేసినవాళ్ల పేర్లూ వద్దన్నారు. వాళ్లు చేసిన పని మాత్రం చెప్పి తీరాలి.

ముందుగా రిమాండు రోజు కోర్టులో ఉన్న లీగల్ ఎయిడ్ (ఉచిత న్యాయ సాయం) వకీలు గారికి కృతజ్ఞతలు. పక్కన పోలీసులు నిలబడి ఉండగా "కొట్టారా?" అని మేజిస్ట్రేటు అడిగితే ఎవడైనా "లేదండి" అనే అంటాడు. ఈయన రెండు నిమిషాలు కుర్రాడితో విడిగా మాట్లాడి, చొక్కా ఎత్తి వీపు చూపించమన్నారు. మేజిస్ట్రేటు కళ్లారా చూసిన దెబ్బలు డాకెట్ షీట్‌లోకి (ఆ రోజు కోర్టులో జరిగింది రాసే కాగితం) ఎక్కాయి, కేజీహెచ్‌కి (విశాఖ పెద్దాసుపత్రి) పంపమని ఆర్డరూ పడింది. రిట్ నిలబడింది ఆ మూడు లైన్ల సర్టిఫైడ్ కాపీ మీదే. అది లేకపోతే "ఇవి వివాదంలో ఉన్న విషయాలు, సాక్షుల్ని విచారిస్తే గాని తేలవు" అంటారు ప్రభుత్వ ప్లీడరు. చాలా రిట్లు అక్కడే ఆగిపోతాయి.

కేజీహెచ్ క్యాజువాలిటీ డాక్టరమ్మకు. అంతకు ముందు వేరేచోట "ఒళ్లు నొప్పులు" అని చీటీ రాసి మాత్రలిచ్చి పంపేశారు. ఈవిడ ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) నంబరు వేసి, ఒక్కో దెబ్బ పొడవు, వెడల్పు, రంగు, ఎక్కడుందో విడివిడిగా రాశారు. లాఠీ దెబ్బ రైలు పట్టాల్లా పడుతుంది: రెండు ఎర్ర చారలు, మధ్యలో పాలిపోయిన చర్మం. మెట్ల మీంచి పడితే అలా పడదు. కమిలిన చోటు ఎరుపు నుంచి నీలానికి, ఐదారు రోజులకు ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు తిరిగి, రెండు వారాల్లో దాదాపు మాయమవుతుంది. అందుకే ఆస్పత్రికి పంపడం పోలీసులు ఆలస్యం చేస్తారు! అరికాళ్ల మీద కొడితే పైకేం కనపడకపోవచ్చు, నొక్కి చూసి రాయమని మనమే అడగాలి. బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 53వ సెక్షన్ ప్రకారం ఆ రిపోర్టు కాపీ అరెస్టయిన మనిషికి ఇవ్వాల్సిందే.

చొక్కా ఉతకొద్దని, ప్లాస్టిక్ సంచిలో పెడితే బూజు పడుతుందని, ఆరబెట్టి కాగితంలో చుట్టించిన పక్కింటి నర్సమ్మకు కూడా.

సీసీటీవీ ఫుటేజీ చెరిపేయొద్దని దరఖాస్తు రాసిన లా కాలేజీ పిల్లలకు. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఫుటేజీ 18 నెలలు ఉంచాలంది, వీలు కాకపోతే కనీసం ఏడాది. కానీ "హార్డ్ డిస్క్ పాడైంది" అనే మాటకు గడువు లేదు కదా. అందుకని మూడో రోజే కమిషనర్‌కు రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. తేదీ, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, లాకప్, వరండా, రిసెప్షన్ అని కెమెరాలు విడివిడిగా రాశారు. వెనక్కొచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఇప్పుడు రిట్ పేపర్లలో ఉంది.

అమరావతిలో రిట్ వేసిన వకీలు గారు ఫీజు మాట ఎత్తలేదు. హోం శాఖ, డీజీపీ, కమిషనర్, ఎస్‌హెచ్‌వో (స్టేషన్ ఇన్‌చార్జి)లతో ఆపకుండా, కొట్టిన అధికారిని పేరు పెట్టి ప్రతివాదిగా చేర్చాలని పట్టుబట్టారు. పేరు లేకుండా వ్యక్తిగత ఆరోపణ నిలవదట. మేం మానవ హక్కుల కమిషన్‌కూ వెళ్దామంటే ఆపారు. అక్కడ ఫీజు లేదు, ఏడాది లోపు వెళ్లొచ్చు, కానీ కోర్టులో ఉన్న విషయాన్ని కమిషన్ తీసుకోదు. పరిహారానికి 1993 నాటి నీలబతి బెహరా తీర్పు చూపించారు. లాకప్‌లో చనిపోయిన కొడుకు కోసం తల్లి రాసిన ఉత్తరాన్నే రిట్‌గా తీసుకుని లక్షన్నర ఇప్పించిన కేసది. పరిహారం వచ్చినా క్రిమినల్ కేసు పోదు. నేరం ఒప్పించడానికి కొడితే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120 కింద ఏడేళ్ల దాకా, తీవ్ర గాయమైతే పదేళ్ల దాకా శిక్ష. ఆ ప్రైవేటు కంప్లయింటు (నేరుగా మేజిస్ట్రేటు దగ్గర వేసే ఫిర్యాదు) కాగితాలు ఇప్పుడు తయారవుతున్నాయి.

రిట్ పేపర్ల సెట్లన్నీ అర్ధరాత్రి దాకా కూర్చుని తీసిచ్చిన జిరాక్సు షాపాయనకు రూ. 340 ఇంకా బాకీ ఉన్నాం.