క్రామర్ కోచ్ గురించి తమ్ముడికి

ఉట్రెక్ట్, నెదర్లాండ్స్
2014 ఫిబ్రవరి 10

చిన్నా,

రిలేలో మీ పిల్లలు డిస్‌క్వాలిఫై అయ్యారని, నువ్వు చూపించిన చోట నిలబడి బ్యాటన్ అందుకోవడం వల్లే అలా జరిగిందని అమ్మ చెప్పింది. కోచింగ్ మానేస్తానన్నావట. ఫోన్ చేస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

మొన్న శనివారం సోచి వింటర్ ఒలింపిక్స్‌లో స్వెన్ క్రామర్ 5,000 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ గెలిచాడు. 6 నిమిషాల 10.76 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. వెండి, కంచు కూడా ఈ దేశానికే వచ్చాయి. అందరూ క్రామర్‌ని చూస్తుంటే నా కళ్లు మాత్రం అతని కోచ్ గెరార్డ్ కెమ్‌కర్స్ మీదే ఉన్నాయి.

నాలుగేళ్ల కిందట వాంకూవర్‌లో జరిగింది నీకు చెప్పాలి. ఈ ఆటలో ఇద్దరిద్దరే పరుగు తీస్తారు. 400 మీటర్ల మంచు ట్రాక్, రెండు లేన్లు. లోపలి లేన్ చుట్టు పొట్టిది కాబట్టి ప్రతి చుట్టులో ఇద్దరూ లేన్ మార్చుకోవాలి. 10,000 మీటర్లంటే 25 చుట్లు. అంతసేపు నడుం వంచి, తొడలు మండిపోతుంటే, ఏ చుట్టులో ఏ లేనో బుర్రకి ఎక్కదు. కోచ్ చెయ్యి ఎటు చూపిస్తే అటే.

సగం దాటాక క్రామర్ సరిగ్గానే బయటి లేన్‌కి వెళ్తున్నాడు. కెమ్‌కర్స్ లోపలికి వెళ్లమని చూపించాడు. క్రామర్ ఆఖరి క్షణంలో లోపలికి తిరిగాడు. మిగతా చుట్లన్నీ ఏమీ తెలియకుండానే పూర్తి చేసి, గెలిచానని చేతులు పైకెత్తాడు. 12 నిమిషాల 54.50 సెకన్లు, అందరికన్నా నాలుగు సెకన్లు ముందు. అప్పుడు కోచ్ దగ్గరికొచ్చి, తప్పు లేన్‌లోకి వెళ్లడం వల్ల డిస్‌క్వాలిఫై అయ్యావని చెప్పాడు. క్రామర్ కళ్లజోడు తీసి విసిరికొట్టాడు. బంగారం కొరియా కుర్రాడు లీ సుంగ్ హూన్‌కి వెళ్లింది.

ఆ రాత్రి ఇక్కడ టీవీ ముందు కూర్చున్నవాళ్ల మొహాలు చూడాల్సింది. పిల్లలు నడక రాగానే స్కేట్లు కట్టుకునే దేశం ఇది. కెమ్‌కర్స్ కూడా తెలియనివాడేం కాదు, 1988లో కాల్గరీలో 5,000 మీటర్ల కంచు గెలిచినవాడు. ఆట తెలిసినవాడి చెయ్యే తప్పు చూపించింది.

క్రామర్ ఆయన్ని వదల్లేదు, చిన్నా. కోపం రాలేదని కాదు, చాలా వచ్చింది. అయినా మళ్లీ అదే మనిషి దగ్గరే ప్రాక్టీస్ చేశాడు. నాలుగేళ్ల తర్వాత ఆ కెమ్‌కర్స్ ట్రాక్ పక్కన నిలబడి చుట్టు చుట్టుకీ అరుస్తుంటే నాకు గొంతు పట్టేసింది. అంత పెద్ద తప్పు తర్వాత మళ్లీ అదే చోట నిలబడడానికి ఆ మనిషికి ఎంత గుండె ఉండాలో! నాకైతే ఆ బంగారంలో సగం ఆయనదే అనిపించింది.

18న 10,000 మీటర్లు ఉంది. ఆ పతకం క్రామర్‌కి ఇంకా బాకీ. నెట్‌లో దొరికితే ఆ పిల్లల్ని కూడా కూర్చోబెట్టి చూపించు. లేన్ మారే చోట కోచ్‌ని చూడమని చెప్పు.

వాళ్లని మళ్లీ గ్రౌండ్‌కి రమ్మన్నావా లేదా, ముందు అది రాయి. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో కూడా.

అక్క