విద్యార్థి ఆరోగ్య కార్యక్రమాలు: ఈ ఏడాది చేసినవి, చేయలేకపోయినవి (వార్షిక నివేదిక)

సభ్యులందరికీ నమస్కారం.

ఎన్ని సభలు పెట్టాం, ఎంతమంది వచ్చారు అన్న లెక్కతో ఏటా మా ఆరోగ్య సంఘం నివేదిక మొదలయ్యేది. ఈసారి ఆ లెక్క ఇవ్వడం లేదు. దాచుకోవాల్సినదేమీ లేదు. ఆ అంకెలు చూసి మేమే మురిసిపోవడం తప్ప వాటివల్ల ఒరిగిందేమీ లేదని అక్టోబరు 10న తెలిసొచ్చింది. ఆ రోజు ప్రపంచ మానసిక ఆరోగ్య దినం సభకు హాలు కిక్కిరిసింది. ఆ గంటకు అటెండెన్స్ వేస్తామని రెండు విభాగాలవాళ్లు ముందే ప్రకటించారు మరి. వక్త బాగానే మాట్లాడారు. చివర్లో ప్రశ్నలుంటే అడగమంటే ఒక్క చెయ్యి లేవలేదు. అందరూ వెళ్లిపోయాక మేం బ్యానరు మడతపెడుతుంటే ఒక అమ్మాయి వెనక్కి వచ్చి, చుట్టూ ఒకసారి చూసి, "కౌన్సెలింగ్‌కి వెళ్తే ఇంట్లోవాళ్లకి చెప్తారా అండీ?" అని అడిగింది.

గంటన్నర సభలో ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఈ ఏడాది మా పని ఆ ప్రశ్న దగ్గర మొదలైంది. ఆ తర్వాత సభలు తగ్గించి, రోజూ తెరిచి ఉండాల్సిన తలుపులు తెరిచి ఉన్నాయో లేదో చూడటం మీద పడ్డాం.

తలుపు పక్కన కాగితం

కౌన్సెలింగ్ గదిలో ఒక అంగీకార పత్రం ఉండేది. నాలుగు పేజీలు, చీమ తలకాయంత అక్షరాలు. విద్యార్థులు చదవకుండానే సంతకం పెట్టేసేవారు, లోపల అడుగు పెట్టాక ఎంతవరకు చెప్పొచ్చో తెలియక సగం మాట మింగేసేవారు. కౌన్సెలర్లతో కూర్చుని దాన్ని అరపేజీకి కుదించాం. అందులో ఉన్నదింతే: మీరు చెప్పింది మీ అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు గానీ, విభాగానికి గానీ, హాస్టల్‌కు గానీ వెళ్లదు. మీ మార్కుల రికార్డులో చేరదు. మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ఇప్పటికిప్పుడు ప్రమాదం ఉందనిపించినప్పుడు, చట్టం తప్పనిసరి చేసినప్పుడు మాత్రం చెప్పాల్సి వస్తుంది. అప్పుడైనా ఎవరికి చెబుతున్నామో ముందు మీకే చెబుతాం.

ఈ కాగితాన్ని గది లోపల కాకుండా బయట, తలుపు పక్కన అంటించాం. కూర్చున్నాక చెప్పేకన్నా రావాలా వద్దా అని తటపటాయిస్తూ నిలబడ్డప్పుడే చెప్పాలన్నది మా ఉద్దేశం. చిన్న పనే. కానీ ఏడాది మొత్తంలో ఏది బాగా చేశారని ఎవరైనా అడిగితే నేను ఆ తలుపే చూపిస్తాను.

అడగాల్సిన మాట

ఒక విద్యార్థి నలిగిపోతున్నాడని మొదట ఎవరికి తెలుస్తుంది? డాక్టరుకు తెలియదు, కౌన్సెలర్‌కూ తెలియదు. వాళ్ల దగ్గరికి అతను ఇంకా వెళ్లనే లేదు. తెలిసేది రాత్రి రెండింటికి గేటు దగ్గర కుర్చీలో ఉన్న గార్డుకు, లైబ్రరీ తాళం వేసే సిబ్బందికి, హాస్టల్ వార్డెన్‌కు, ఫీజు గడువు పొడిగించమని వచ్చినప్పుడు మొహం చూసే ఆఫీసు క్లర్కుకు. అందుకని మొదటి విడత శిక్షణ వీళ్లకే ఇచ్చాం. మానసిక ప్రథమ చికిత్స పేరిట 2000లో ఆస్ట్రేలియాలో మొదలైన శిక్షణ ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. సూటిగా అడగడం, సహాయానికి ఒప్పించడం, తగిన చోటికి చేర్చడం అనే మూడు మెట్ల పద్ధతీ వాడుకలో ఉంది. రెంటిలోనూ మాకు పనికొచ్చేవి తీసుకుని రెండు సాయంత్రాల పాఠంగా మలిచారు మా కౌన్సెలర్.

మొదటి సాయంత్రమే ఒక రాత్రి డ్యూటీ గార్డు లేచి నిలబడ్డారు. "మేడమ్, చావు మాట మనమే ఎత్తితే లేని ఆలోచన తెచ్చిపెట్టినట్టు కాదా?" అన్నారు. గదిలో సగంమంది తలలూపారు. కాదని కౌన్సెలర్ చెప్పారు. నేరుగా అడగడంవల్ల ఆ ఆలోచన కొత్తగా పుడుతుందని గానీ పెరుగుతుందని గానీ పరిశోధనల్లో ఎక్కడా తేలలేదనీ, ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేనిది ఒకరు అడిగారన్న ఊరటే చాలామందిలో కనబడుతుందనీ వివరించారు.

తర్వాత ఇద్దరిద్దర్ని జంటలుగా కూర్చోబెట్టి అడగమన్నారు. తీరా ఆ మాట దగ్గరకొచ్చేసరికి ఎవరికీ నోరు పెగల్లేదు. ఒక వార్డెన్ గారు, "పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవట్లేదు కదా?" అన్నారు. దానికి కౌన్సెలర్, "సార్, ఆ 'కదా'తో జవాబు మీరే చెప్పేశారు. 'పిచ్చి' అన్నాక ఇక ఎవరు ఔనంటారు?" అన్నారు. నవ్వులు ఆగాక గార్డు గారి వంతు వచ్చింది. రెండుసార్లు గొంతు సవరించుకున్నారు, మధ్యలో మానేశారు. మూడోసారి, "బాబూ, చచ్చిపోవాలని గానీ అనిపిస్తోందా?" అని అడిగి, ఇంకేమీ అనకుండా ఊరుకున్నారు. "ఆ ఊరుకోవడమే రేపటి పాఠం" అన్నారు కౌన్సెలర్.

రెండో సాయంత్రం అంతా ఊరుకోవడం గురించే. సలహా ఇవ్వకపోవడం, మనకన్నా కష్టాలు పడ్డవాళ్లున్నారని పోలిక తేకపోవడం, అమ్మానాన్నల్ని తలచుకోమని ఒట్టు వేయించకపోవడం. ఔనని జవాబొస్తే మాత్రం ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు. నంబరు రాసిచ్చి పంపేయకుండా డ్యూటీ డాక్టరు దాకానో కౌన్సెలర్ దాకానో వెంట నడవాలి. అందుకోసం గేటు వదిలిపెట్టిన గార్డు మీద చర్య ఉండదని భద్రతా విభాగంతో రాతపూర్వకంగా ఒప్పించడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ కాగితం లేకపోతే శిక్షణంతా వృథా అయ్యేది.

తొమ్మిదో ప్రశ్న

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. ఏడాది మొదట్లో హాస్టళ్లలో పీహెచ్‌క్యూ-9 అనే, మానసిక కుంగుబాటును పసిగట్టే ప్రశ్నల పత్రాలు పంచాం. గడిచిన రెండు వారాల్లో ఎలా ఉన్నారన్నదాని మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 దాకా మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకు మించి గానీ వస్తే నిపుణుడు మాట్లాడి చూడాలి. ఇది జల్లెడ మాత్రమే, దీంతో జబ్బు నిర్ధారణ కాదు. పేరు రాయమంటే నిజం రాయరని పేర్లు అడగలేదు. అది తెలివైన పని అనుకున్నాం.

ఆదివారం సాయంత్రం పత్రాలు ముందేసుకుని మార్కులు కూడుతున్నాం. ఒక పత్రంలో తొమ్మిదో ప్రశ్న దగ్గర 3 అని ఉంది. చనిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపిస్తోందా అన్నది ఆ ప్రశ్న. 3 అంటే దాదాపు రోజూ అని. నీలం సిరా, గట్టిగా అదిమి రాసిన అంకె. ఎవరిదో తెలియదు. ఏ గదిదో కూడా తెలియదు. ఆ బ్లాకులో ఎన్ని తలుపులుంటే అన్నీ ఆ రాత్రి తట్టాం, మామూలుగా పలకరిస్తున్నట్టు నటిస్తూ. మర్నాడు కౌన్సెలర్లు వంతులవారీగా ప్రతి అంతస్తులోనూ కూర్చున్నారు. కొందరు వచ్చి మాట్లాడారు. ఆ అంకె రాసినవాళ్లు వాళ్లలో ఉన్నారో లేదో మాకు తెలియదు.

చేతులు కాలాక పెట్టుకున్న నియమం ఇది: జవాబు చూసి అదే రోజు స్పందించే మనిషి లేకుండా ఈ పత్రం ఎవరి చేతికీ ఇవ్వం. ఇప్పుడు దాన్ని ఆరోగ్య కేంద్రంలోనే, నర్సు ఎదుట నింపుతారు. తొమ్మిదో ప్రశ్నకు 0 తప్ప ఏ అంకె వేసినా ఆ విద్యార్థి కౌన్సెలర్‌తో మాట్లాడాకే ఇంటికి వెళ్తాడు. నింపేవాళ్లు తగ్గారు. తగ్గినా ఫరవాలేదు.

అర్ధరాత్రి గడువు

అసైన్‌మెంట్ గడువు గురించి ఆరోగ్య సంఘానికేం పనని ఒక విభాగాధిపతి అడిగారు. న్యాయమైన ప్రశ్నే. 1986 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒట్టావాలో జరిపిన సదస్సు దీనికి ఎప్పుడో జవాబిచ్చింది. మనుషులు చదివే, పనిచేసే, ఆడుకునే, ప్రేమించే చోటే ఆరోగ్యం తయారవుతుందని ఆ ప్రకటన సారాంశం. 2015లో కెనడాలో వచ్చిన ఒకనాగన్ చార్టర్ అనే ప్రకటన అయితే నేరుగా విశ్వవిద్యాలయాలకే చెప్పింది: ఆరోగ్యాన్ని ఒక విభాగానికి అప్పగించి చేతులు దులుపుకోకండి, పాలనలో, నిర్వహణలో, బోధనలో అన్నిటా కలపండి అని. చదివితే బాగుంటుంది గానీ, దాన్ని రేపు పొద్దున ఎలా చేయాలో అందులో ఉండదు. మాకు దొరికిన చిన్న తలుపు రాత్రి 11:59.

మా పోర్టల్‌లో గడువులన్నీ 11:59కే ఉండేవి, ఎవరో మొదట్లో పెట్టిన సెట్టింగు. అధ్యాపకులు దాన్ని దయగానే భావించారు, సాయంత్రం నుంచి ఇంకో ఆరు గంటలు ఇచ్చినట్టే కదా అని. ఆ ఆరు గంటలు నిద్రలోంచే తీసి ఇస్తున్నారన్నది మా వాదన. 18 నుంచి 25 ఏళ్లవారికి 7 నుంచి 9 గంటల నిద్ర కావాలి. రాత్రి 9 గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్ దాదాపు సగం 2 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది. పైగా అర్ధరాత్రి పోర్టల్ మొరాయిస్తే ఎత్తే ఫోనే ఉండదు.

నాలుగు విభాగాలు గడువును సాయంత్రం 6కు మార్చడానికి ఒప్పుకున్నాయి. వ్యతిరేకత మేం ఊహించని వైపు నుంచి వచ్చింది, విద్యార్థుల నుంచే. పగలు తరగతులు, సాయంత్రం ఉద్యోగం చేసుకునేవాళ్లు, "మాకు చదువుకునే టైమే రాత్రి పది తర్వాత. మీరు మా ఆరోగ్యం పేరు చెప్పి మా నెత్తినే పెట్టారు" అన్నారు. వాళ్లన్నదీ నిజమే. చివరికి గడువు 6కే ఉంచి, కారణం అడగకుండా ఒక రోజు వెసులుబాటు ఇచ్చేలా రెండు విభాగాలు సవరించుకున్నాయి. మిగతా రెండూ పాత పద్ధతికే వెళ్లిపోయాయి. ఈ పని సగంలోనే ఉంది.

ఉదయపు నడక

ఉదయం 6 గంటల నడక విఫలమైంది. ఒంటి గడియారం యౌవనంలో వెనక్కి జరుగుతూ ఇరవై ఏళ్ల దరిదాపుల్లో అన్నిటికన్నా ఆలస్యంగా నడుస్తుంది. ఇది తెలిసి కూడా ఆ వేళ పెట్టింది కార్యవర్గంలో అరవై దాటినవాళ్లమే. రెండో వారానికి నడిచేది మేమే మిగిలాం. సాయంత్రానికి మార్చాక గుంపు నిలబడింది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసును గోడమీద రాయడం మానేసి, పక్కగదివాళ్లను పిలుచుకురమ్మంటున్నాం.

తాళం

గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కే శిక్షణ ప్రతి హాస్టల్‌లోనూ పూర్తయింది. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తగ్గకుండా, 6 దాటకుండా. బొమ్మ మీద రెండు నిమిషాలు నొక్కేసరికి క్రికెట్ జట్టు కుర్రాళ్లకే చెమటలు పట్టాయి. శిక్షణ అయ్యాక షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం చూద్దామని వ్యాయామశాలకు వెళ్తే పెట్టెకు తాళం ఉంది. తాళంచెవి ఉన్న ఉద్యోగి సాయంత్రం 5కే ఇంటికి వెళ్లారు. గుండె ఆగాక ఛాతీ నొక్కేవాళ్లు కూడా లేకపోతే, షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం పడిపోతుంది. దొంగలెత్తుకుపోతారని తాళమట. మూడు ఉత్తరాలు రాశాం. ఈ నివేదిక రాసే నాటికి తాళం అలాగే ఉంది.

వాలంటీర్లు

రెండో ఏడాది చదివే మా వాలంటీరు ఒకామెకు తోటి విద్యార్థి రోజూ రాత్రి ఒంటిగంటకు మెసేజ్‌లు పెట్టేవాడు. జవాబివ్వకపోతే ఏమవుతుందోనన్న భయంతో ఆమె మూడు వారాలు సరిగా పడుకోలేదు. ఒక పరీక్ష రాయలేకపోయాకే మాకు తెలిసింది. ఆమెకు బ్యాడ్జీ ఇచ్చింది మేమే. ఆమె ఎవరికి చెప్పుకోవాలో చెప్పనిదీ మేమే. ఇప్పుడు వాలంటీర్లు ఇద్దరేసి కలిసి, నిర్ణీత వేళల్లోనే పనిచేస్తారు. సొంత ఫోను నంబరు ఇవ్వరు. వారానికోసారి కౌన్సెలర్ వాళ్లతో కూర్చుంటారు, వాళ్ల మనసులో ఉన్న బరువు దించుకోవడానికి. తోటి విద్యార్థి చెప్పేది వినడం, కౌన్సెలర్ దగ్గరికి తీసుకురావడం వరకే వాళ్ల పని. ఆమె తిరిగి చేరలేదు. ఆమె నిర్ణయం సరైనదే.

కంటి పరీక్షలు, రక్తదానం, దంత శిబిరం ఎప్పటిలాగే జరిగాయి. కొత్తగా చేరినవారి తట్టు వ్యాక్సిన్ రెండు డోసుల రికార్డులు సరిచూసే పని ఆరోగ్య కేంద్రం తీసుకుంది. ఇరుకు హాస్టళ్లలో తట్టు ఒక్కరికి వస్తే ఎంత వేగంగా పాకుతుందో చెప్పనక్కర్లేదు. ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక విడిగా పంపాం. బ్యానర్ల పద్దు కిందటేడు కన్నా ఎందుకు తగ్గిందో పైన చదివినవారికి అర్థమయ్యే ఉంటుంది.

సర్వసభ్య సమావేశంలో మూడు విషయాలు చర్చకు వస్తాయి. ఏఈడీ తాళం మీద తీర్మానం, గడువు మార్పును మిగతా విభాగాల ముందు పెట్టడం, పరీక్షల వారాల్లో కౌన్సెలింగ్ గదిని రాత్రి 9 దాకా తెరిచి ఉంచడం. మూడోదానికి కార్యవర్గంలోనే ఏకాభిప్రాయం లేదు. ఉన్న ఇద్దరు కౌన్సెలర్లనూ అరగదీయకూడదన్నవాళ్లున్నారు, కాబట్టి ఆలోచించుకుని రండి.

రెండో విడత శిక్షణకు బస్సు డ్రైవర్లు, మెస్ సిబ్బంది పేర్లిచ్చారు. మొదటి సాయంత్రం పాఠంలో కౌన్సెలర్ పక్కన కూర్చోవడానికి ఆ రాత్రి డ్యూటీ గార్డు గారు ఒప్పుకున్నారు. ఆయన డ్యూటీ చార్టు మార్చాల్సి ఉంది. అది కుదరగానే తేదీ తెలియజేస్తాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి