కుక్కపిల్లకు ఒక్క గోలీతో సరిపోదు

సంపాదకులకు,

ఏటా ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో 10వ తేదీన బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలతో నులిపురుగుల గోలీ నమిలిస్తున్నారు. మంచి పని. కానీ ఆ పిల్లలు ఆడుకునే వాకిట్లోనే తిరిగే కుక్కకు, పిల్లికి పురుగుల మందు పడుతున్నదా? జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల దినం జూలై 6న పశువుల దవాఖానలో రేబిస్ సూది వేయించి, ఇక మందులన్నీ అయిపోయినయనుకునే ఇళ్లే ఎక్కువ.

కుక్కపిల్లకు ఏలికపాములు తల్లి కడుపులో ఉండగానే సోకుతాయి, కొంకి పురుగులు పాలతో వస్తాయి. అందుకే రెండు వారాల వయసుకే మొదటి మోతాదు పడాలి. ఎనిమిది వారాలు నిండేదాకా రెండు వారాలకోసారి, ఆరు నెలల దాకా నెలకోసారి, ఆ తర్వాత మూడు నెలలకోసారి. పిల్లికూనలకు మూడో వారంలో మొదలుపెట్టాలి. మందు చంపేది ప్రధానంగా పేగులో ఉన్న పురుగులనే. కాలేయం, ఊపిరితిత్తుల దారిలో ఉన్న పిల్లపురుగులు ఆ తర్వాత పేగులోకి దిగుతాయి, మళ్లీ వేయాల్సింది వాటి కోసమే. మర్నాడు మలంలో ఉడికిన సేమ్యాలాంటివి పడితే భయపడకండి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. తెల్లగా పాలిపోయి, మలం తారులా నల్లగా ఉంటే మాత్రం మెడికల్ షాపుకు కాదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

ఎక్కువ తప్పు జరిగేది తూకంలో. ప్రాజిక్వాంటెల్ 50, పైరాంటెల్ 144, ఫెబాంటెల్ 150 మిల్లీగ్రాములు కలిసిన కుక్కల గోలీ ఒకటి 10 కిలోల బరువుకు. 28 కిలోల కుక్కకు ఒక్కటే వేస్తే మూడో వంతు మోతాదే అందుతుంది, పురుగు బతికే ఉంటుంది. కుక్కను ఎత్తుకుని తూకం మీద నిలబడి, మీ బరువు తీసేస్తే లెక్క తేలుతుంది.

తోక కింద బియ్యపు గింజల్లా కదిలేవి, ఎండితే నువ్వుల్లా రాలేవి బద్దె పురుగు ముక్కలు. కుక్క ఒళ్లు కొరుక్కుంటూ, బొచ్చులో గెంతే పేలను మింగితే ఇది వస్తుంది. పేలు పోకపోతే ఎన్ని గోలీలు వేసినా మళ్లీ వస్తుంది. కుక్కల పేల మందు పిల్లికి పూయొద్దు, అందులో పెర్మెత్రిన్ ఉంటే పిల్లి ప్రాణం పోతుంది.

యాటలు కోసేచోట ఇంకో ప్రమాదం ఉంది. జాతరలకు, దసరాకు మన దగ్గర ఎన్ని యాటలు తెగుతాయో తెలిసిందే. కాలేయం, ఊపిరితిత్తుల మీద నీటి బుడగలు కనిపిస్తే ఆ ముక్క కోసి కుక్కకు విసురుతారు. ఆ బుడగలోనే ఒక రకం బద్దె పురుగు పిల్లలుంటాయి, అవి కుక్క పేగులో పెద్దవవుతాయి. కుక్క మలంతో దాని గుడ్లు గడ్డి మీద, కుక్క బొచ్చుకు, మన చేతులకు చేరి మనిషి కాలేయంలోనూ అలాంటి బుడగే పెరుగుతుంది. ఆ ముక్కలను అరగంటకు తగ్గకుండా ఉడకబెట్టాలి, లేదా కుక్కలు తవ్వలేనంత లోతున పాతిపెట్టాలి.

వాకిట్లో మలం రోజూ ఎత్తేయండి. ఏలికపాము గుడ్డు సోకే స్థితికి రావడానికి మట్టిలో రెండు మూడు వారాలు పడుతుంది. ముదిరాక బ్లీచింగ్ పౌడరుకూ చావదు, ఏళ్ల తరబడి ఉంటుంది.

జూలై 6 టీకా శిబిరాల్లో ఒక తూకం యంత్రం పెట్టి, సూదితోపాటు బరువుకు తగ్గ పురుగుల మందు కూడా వేయాలని, తర్వాతి మోతాదు తేదీని టీకా కార్డు మీదే రాసివ్వాలని వరంగల్, హనుమకొండ జిల్లాల పశుసంవర్ధక శాఖ అధికారులను కోరుతున్నాం.

– పాఠకులు, హనుమకొండ