పప్పుశనగ సుంకం సంగతి విత్తకముందే తేల్చండి

సంపాదకుడికి,

ప్రపంచంలో పండే శనగల్లో మూడింట రెండు వంతులకు పైనే మన దేశంలో పండుతాయి. అయినా కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న మా నడిగడ్డలో పప్పుశనగ ధర ఢిల్లీ వేసే, ఎత్తేసే దిగుమతి సుంకాన్ని బట్టే ఆడుతోంది. 2018 మార్చిలో సుంకం 60 శాతానికి చేరాక, మనకు శనగ అమ్మే ఆస్ట్రేలియాలో సాగు పడిపోయింది. 2024 మేలో దేశీ రకం శనగ (మనం పండించే పప్పుశనగే) దిగుమతిపై సుంకం పూర్తిగా ఎత్తేశారు. ఆస్ట్రేలియాలో విత్తేది మే, జూన్ నెలల్లోనే. అంటే ఆ రైతు మన ఉత్తర్వు చూసుకొని విత్తాడు, మన రైతుకు ఆ వీలు లేదు. అక్టోబరు నుంచి కోసిన ఆ సరుకు మన రేవుల్లో దిగాక అలంపూర్, మానవపాడు చేలల్లో కోతలు వచ్చాయి. 10 శాతం సుంకం మళ్లీ పడింది 2025 ఏప్రిల్ 1న. అప్పటికి ఇక్కడ చాలామంది అమ్ముకోవడం అయిపోయింది. 2023 డిసెంబరులో పసుపు బఠానీలపైనా సుంకం తీసేశారు. శనగపిండిలో అవి కలిస్తే తినేవాళ్లకు తేడా తెలియదు.

పది శాతం చాలుతుందా? క్వింటాలు 5,000 రూపాయలకు రేవులో దిగిందనుకుంటే, సుంకంతో 5,500. 2026 కోతలకు ప్రకటించిన మద్దతు ధర 5,875. మిల్లరు ఏది కొంటాడో చెప్పక్కర్లేదు. దిగుమతి సరుకు మద్దతు ధర కన్నా చవకగా దిగకుండా సుంకం కట్టాలి. అదీ సెప్టెంబరులోనే, ఎకరాకు 25-30 కిలోల జేజీ-11 రకం విత్తనం కొనకముందే చెప్పాలి.

మద్దతు ధరకు కొనే ప్రభుత్వ కేంద్రాలదీ ఇదే తంతు, ఆలస్యంగా తెరుస్తారు. ఉత్తరాదిన శనగ మార్చి, ఏప్రిల్‌లో వస్తుంది. నడిగడ్డ నల్లరేగడిలో అక్టోబరులో గొర్రుతో విత్తింది వంద రోజుల్లోపే, జనవరి చివరికి కోతకొస్తుంది. అప్పులున్న కౌలు రైతు మార్చి దాకా ఆగలేడు. జనవరి ఆఖరి వారంలోనే కేంద్రాలు తెరవాలి.

తెరిచినా తేమ 14 శాతం మించితే తీసుకోరు. మంచు ఆరకముందు హార్వెస్టర్ పెడితే తేమ ఎక్కువొస్తుంది, మరీ ఎండాక పెడితే గింజ బద్దలవుతుంది. జేజీ-11 పొట్టి రకం, కింది కాయల కోసం బ్లేడు దించితే మట్టిపెళ్లలూ వస్తాయి. నిటారుగా పెరిగే ఎన్‌బీఈజీ-47 రకంలో ఆ బాధ తక్కువ, కానీ ఆ విత్తనం అందరికీ అందాలి కదా. అంతవరకు ప్రతి కేంద్రంలో తేమ మీటరుతో పాటు జల్లెడ యంత్రం కూడా పెట్టించాలి. లేదంటే వెనక్కి పంపిన బస్తాలనే బయట వ్యాపారి మట్టి పేరు చెప్పి, తరుగు తీసి కొంటాడు.

– పప్పుశనగ రైతులు,
మానవపాడు మండలం, జోగులాంబ గద్వాల జిల్లా