తిండే మందైతే బిల్లు చెల్లదా?

సంపాదకుడి గారికి,

మా పాపకు తొమ్మిదేళ్లు. రెండేళ్ల కిందట సీలియాక్ జబ్బని తేలింది. గోధుమలు, మైదా, బార్లీలో ఉండే గ్లూటెన్ దాని పేగుకు పడదు. దీనికి మాత్ర లేదు, సూది లేదు. డాక్టరు గారు చీటీలో రాసిన వైద్యం ఒక్కటే, జీవితాంతం గ్లూటెన్ లేని తిండి.

కర్నూలులో ఉంటూ దీనికేం దిగులు, జొన్నరొట్టె, కొర్రన్నం పెట్టమన్నారు అందరూ. నేనూ అలాగే అనుకున్నాను. పెట్టినా కడుపునొప్పి తగ్గలేదు. తీరా చూస్తే, పిండి మిషన్‌లో మాకంటే ముందు ఎవరో గోధుమలు పట్టించుకుని పోతున్నారు, ఆ పిండి మా జొన్నపిండిలో కలుస్తోంది. ఇంట్లోకే చిన్న మిషన్ కొన్నాం. ఆ తర్వాత ఇంగువ దొరికిపోయింది. డబ్బా వెనక సన్న అక్షరాలు చదివితే అందులో గోధుమపిండి! పులిహోరలో రోజూ మా చేత్తో మేమే వేస్తున్నాం.

ఇక బ్రెడ్డు, బిస్కెట్లు, సేమియా గ్లూటెన్ లేనివి కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించాల్సిందే. ధర మామూలు వాటికి ఎన్నో రెట్లు. పిల్ల బడికి పోయేది, పక్క పిల్లల డబ్బాలు చూసేది. ఎన్నాళ్లని రొట్టె ఒక్కటే పెట్టి పంపిస్తాం?

ఫిబ్రవరిలో ఐటీ లెక్కలు ఇచ్చేటప్పుడు ఈ బిల్లులు పెడితే, "మేడం, ఇవి కిరాణా బిల్లులు కదా" అన్నారు ఆఫీసులో. వాళ్ల తప్పేం లేదు. ఆదాయపన్ను చట్టం కింద క్యాన్సర్, కిడ్నీ ఫెయిల్యూర్, తలసీమియా, హీమోఫీలియా లాంటి కొన్ని జబ్బుల చికిత్సకే 40,000 రూపాయల దాకా మినహాయింపు, అరవై దాటినవారికైతే లక్ష. సీలియాక్ ఆ జాబితాలో లేదు. మామూలు మందుల ఖర్చు చూపాలన్నా అరవై దాటి, ఇన్సూరెన్స్ లేనివాళ్లకే. కొత్త పన్ను విధానంలో అసలీ మినహాయింపులే లేవు. ఇంటి లోన్ పుణ్యమా అని నేనింకా పాతదాంట్లో ఉన్నాను.

కెనడాలో ఈ జబ్బున్నవాళ్లు డాక్టరు ధ్రువపత్రం, రసీదులు పెట్టుకుంటే, మామూలు బ్రెడ్డు ధరకంటే ఎక్కువ పెట్టిన సొమ్మును వైద్య ఖర్చుగా చూపుకోవచ్చు. నేను అడిగేదీ అంతే. జొన్నలకూ కొర్రలకూ రాయితీ అడగడం లేదు, అవి ఎలాగూ మా ఇంటి తిండే. దుర్వినియోగం చేస్తారంటారా, చేసేవాళ్లు ఇంటి అద్దె రసీదులతోనూ చేస్తున్నారు. పైగా కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని గ్లూటెన్ లేని ఆహారానికి మన ఆహార భద్రతా సంస్థ కొలత పెట్టే ఉంది. ఏది చెల్లుతుందో ప్యాకెట్టు మీదే తేలిపోతుంది.

బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖ సలహాలు అడుగుతుంది. కర్నూలు, నంద్యాల ఎంపీలు సీలియాక్‌ను కూడా ఆ పన్ను మినహాయింపు జబ్బుల జాబితాలో చేర్చమని ఒక్క ఉత్తరం రాయాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక టీచరు, కర్నూలు